నా చోట్లో చిన్న గోరీ

20 నవంబరు 1959, శుక్రవారం

మహమూదా వేళ్లు మళ్లీ తెల్లబడ్డాయి. పొద్దున్నే నమాజుకు చేతులు కడుక్కుందామని చెంబులో ముంచగానే కొసల నుంచి రెండో కణుపు దాకా రక్తం దిగిపోయింది. బలపం ముక్కల్లాగా అయిపోయాయి. పట్టుకుంటే చల్లగా ఉన్నాయి. మా ఇంటాయన చేయి చివరి రోజు అట్లాగే ఉండింది. ఆ మాట పైకి అనలేదు. కాసేపటికి నీలంగా మారి, పొయ్యి దగ్గర పెట్టుకుంటే ఎర్రబడ్డాయి.

"చలికి లే అత్తా. దీనికి గూడా దిగులేనా?" అంది.

ప్రొద్దుటూరులో వేళ్లు చచ్చిపోయేంత చలి ఎప్పుడుంది? పక్కింటి వాళ్లు పైపంచెలు కూడా లేకుండా తిరుగుతున్నారు.

ఎవరితో చెప్పుకోను? చాంద్‌బాషాతో అంటే కసురుతాడు. "పిల్లి తుమ్మినా నీకు దిగులేమా" అంటాడు నా కొడుకు. అందుకే రాసుకుంటున్నాను. మిషను బడిలో మూడో తరగతి దాకా కూర్చున్నందుకు ఈ ఒక్క లాభం.

3 డిసెంబరు

ఇవాళ ఏమీ కాలేదు. అయినా భయంగానే ఉంది.

18 డిసెంబరు

మహమూదా ఉంగరం రావడం లేదు. సబ్బు రాశాం, నూనె రాశాం. వేలు లావెక్కిందా అంటే లావు కాదు. చర్మమే బిగిసింది. ముంజేతి మీద గిల్లి పైకి లేపబోతే లేవలేదు. కింద ఎముకకు అతికించినట్టు ఉంది. నునుపుగా, మెరుస్తూ ఉంది. దబ్బనం పట్టు దొరకడం లేదని, నిన్న కుట్టాల్సిన బొంత ఇంకా సగంలోనే ఉంది. చాంద్‌బాషా దూది ఏకి కుప్ప పోస్తున్నాడు, కుట్టే చేయి లేదు. మా ఇల్లు నడిచేది ఆ పిల్ల వేళ్ల మీద. ఆమె నాకు కోడలు మాత్రమే కాదు, నా తమ్ముడి బిడ్డ. నా చేతుల్లో పుట్టింది.

మా వీధిలో మేకలు కాసే పెద్దక్క, వాటిని తోలుకుపోతూ వాకిట్లో ఆగింది.

"ఏమ్మే మహమూదా, నువ్వేంది పదేండ్లు తగ్గినావు? నొసట ఒక్క గీత ల్యాదే! ఏం పూసుకుంటాండావో నాగ్గూడా రోంత పెట్టు."

"నీ మేకపాలే పెద్దక్కా."

"ఆ పాలు నేనూ తాగుతాండా. నా మొగం చూడు, ఎండిన మిరపకాయ!"

ఇద్దరూ నవ్వారు. నేను మహమూదా నొసటి వైపు చూశాను. నిజమే. తన బిడ్డ చనిపోయిన ఏడాది పడ్డ రెండు గీతలు ఉండేవి. లేవు. ఎక్కడికి పోతాయి గీతలు?

1 జనవరి 1960

ఆవలించబోతే మహమూదాకు నోరు పట్టేసింది. నోరు చిన్నదవుతోంది. నా కళ్లకే అట్లా కనబడుతోందేమో.

12 జనవరి, మంగళవారం. జమ్మలమడుగు

ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. బస్సు తలకిందులవుతుందేమోనని దారి పొడుగునా కళ్లు మూసుకున్నాను. కాలేదు.

మద్రాసు నుంచి ఒక డాక్టరమ్మ వచ్చి ఉంది. కీళ్ల నొప్పులతో పాటు చర్మం చెడిన వాళ్లను వెతికి వెతికి చూస్తుందట. ఒకరికి ముఖం మీద ఎర్రమచ్చలు, ఒకరికి కనురెప్పలు ఊదారంగు, ఒకరికి మా పిల్ల లాగా బిగువు. అందరి కొలతలూ రాసుకుంటోంది. పరిశోధన అంటారట దాన్ని. నన్ను "అవ్వగారూ" అని పిలుస్తుంది.

మహమూదా చేతిని చాలాసేపు పట్టుకుంది. గిల్లింది. ఆ తర్వాత నా చేతిని గిల్లింది. నా చర్మం గుడారం లాగా లేచి నిలబడింది.

"చూశారా? మీ చర్మం మీ మాట వింటోంది. ఈ అమ్మాయిది వినడం లేదు."

"ఇది ఏం రోగం తల్లీ? ఎవరన్నా చేసినారా?" అని అడిగాను.

"ఎవరూ చెయ్యలేదు అవ్వగారూ. ఒళ్లే తన మీద తను తిరగబడిందని కొందరు పెద్ద డాక్టర్లు అంటున్నారు. రూఢిగా ఎవరికీ తెలియదు. తెలియకనే కదా నేను ఊళ్లు పట్టుకుని తిరుగుతున్నది."

ఒళ్లు తన మీద తను తిరగబడడం. దయ్యం పట్టినప్పుడు కూడా ఈ మాటే అంటారు.

చేతి నుంచి పప్పుగింజంత చర్మం కోసి మద్రాసు పంపాలంది. దాన్ని ఉల్లిపొర కంటే పల్చగా తరిగి అద్దాల కింద చూస్తారట. అది చూస్తేగానీ మందు మొదలు పెట్టలేనంది. బిగువు గొంతులోకి, ఊపిరిలోకి దిగకముందే చూడాలట. పోల్చి చూడడానికి నాది కూడా ఒక ముక్క అడిగింది. ఒకే ఇల్లు, ఒకే తిండి, ఒకే రక్తం అని.

నాకు నొప్పి తెలియలేదు. మహమూదా ముక్క సీసాలో మునగలేదు. అడ్డంగా నిలబడి, మెల్లగా నా వైపు తిరిగింది.

13 జనవరి

తప్పేమీ చేయలేదు.

మా అమ్మ ఊడిన పళ్లు కూడా మట్టిలో పెట్టేది. గోళ్లు, దువ్వెనకు వచ్చిన వెంట్రుకలు కూడా. ఖయామత్ నాడు అందరూ గోరీల్లోంచి లేచేటప్పుడు ఒళ్లు మొత్తం ఒక్కచోట ఉండాలి, లేకపోతే తక్కువైన ముక్క కోసం ఊరూరూ తిరగాలి అనేది. మహమూదా మద్రాసులో ఎక్కడని వెతుక్కుంటుంది? ఆ పిల్లకు ఎర్రగుంట్ల దాటి దారి తెలియదు.

ఆమె సీసాకు ఎర్రదారం, నా సీసాకు తెల్లదారం. నర్సమ్మ అన్నానికి పోయింది. ఎర్రదారం విప్పి నా సీసాకు కట్టాను. ఎర్రదారం సీసా మద్రాసు పోతుంది, అందులో చర్మమూ ఉంది. ఒకే రక్తమని డాక్టరమ్మే అంది. నాది పోతే పోనీ, నేను ముసలిదాన్ని. తెల్లదారం సీసా పగిలిపోయిందని చెప్పాను. "పోనీలే అవ్వా, చేయి కోసుకోలేదు కదా" అంది నర్సమ్మ.

మహమూదా సీసా నా రవికెలో ఉంది. ఒంటికి తగిలి వెచ్చబడాలి. వెచ్చబడడం లేదు.

22 జనవరి, శుక్రవారం

అయిపోయింది.

మగవాళ్లంతా జుమ్మా నమాజుకు పోయిన సమయం చూసుకున్నాను. ఆడవాళ్లం గోరీల దొడ్లోకి పోకూడదు. పెద్దక్క మేకల వెంట, తంగేడు కోసుకొస్తానని చెప్పి నడిచాను. మూల గోడ కూలిన దగ్గర లోపలికి దిగాను. మా ఇంటాయన పక్కన నా కోసం విడిచిపెట్టిన చోటు ఉంది. అక్కడైతే ఎవరూ తవ్వరు. కొత్త దూదిలో పెట్టి, తెల్లమల్లు గుడ్డ చుట్టి, జానెడు లోతులో పెట్టాను. మట్టి కప్పి రాళ్లు పేర్చాను, కుక్కలు తవ్వకుండా.

మట్టి ఇచ్చేటప్పుడు చదివే కలిమా చదివాను. చదవకుండా ఎట్లా పెట్టేది?

వచ్చేటప్పుడు పెద్దక్క, "మేకలన్నీ ఆ మూలకే చూస్తాండాయి, ఏముందక్కా ఆడ?" అంది.

"ఏముంటాది? మట్టి."

23 జనవరి

రాత్రంతా ఒకటే ఆలోచన. బతికున్న మనిషిని కొంచెం పూడ్చినట్టు కాదు గదా అది. గోళ్లు పూడుస్తాం, బతకడం లేదా? వెంట్రుకలు పూడుస్తాం.

గోళ్లకు కలిమా చదవం.

14 ఫిబ్రవరి, ఆదివారం. షబేబరాత్ మరునాడు

చాంద్‌బాషా నిన్న వాళ్ల నాయన గోరీకి సున్నం కొట్టడానికి పోయాడు. పండక్కి అందరూ గోరీలు శుభ్రం చేసి తెల్లగా చేస్తారు. తిరిగి వచ్చి చేతులు కడుక్కుంటూ చెప్పాడు.

"మా, నాయన పక్కన ఎవురో పసిబిడ్డను పెట్టినారే! నీకని ఇడిసిన చోట్లో. జానెడు గోరీ. ఎవురిదో రహమతుల్లా మామకు గూడా తెలీదంట. గోరీలు చూసుకునేటోడు, ఆయప్పకే తెలీకపోతే ఎట్లా?"

"ఏం చేసినారు దాన్ని?" అన్నాను.

"ఏం చేస్తాం? ఎవురు కన్న బిడ్డో పాపం. రహమతుల్లా మామ మెత్తి సరిచేసినాడు. మిగిలిన సున్నం నేనే దానికి రెండు పూతలు కొట్టినా. ఫాతిహా గూడా చదివినాం."

భార్య గోరీకి మొగుడే సున్నం కొట్టి వచ్చాడు.

మహమూదా పొయ్యి దగ్గర కూర్చుని వింటోంది. "పసిబిడ్డ గోరీనా? మంచి పని చేసినారు" అంది. మా మనవరాలు గుర్తుకొచ్చి ఉంటుంది. ఏడిస్తే ముఖం కదలాలి. కదలలేదు. కళ్లలోంచి నీళ్లు మాత్రం రాతి మీద కారినట్టు కారాయి.

25 ఫిబ్రవరి

మద్రాసు నుంచి ఉత్తరం. చర్మం బాగుంది, బిగువు రోగం ఆనవాళ్లు లేవు అని ఉందట. చాంద్‌బాషా వీధిలో అందరికీ బూందీ పంచాడు. కాగితంలో రాశారు గదా. చదువుకున్న వాళ్లు అద్దాల కింద చూసి రాశారు. ఏ చర్మమైతేనేం, మా ఇంటి చర్మం బాగుంది. బాగైపోతుంది. నేను కూడా గుప్పెడు బూందీ తిన్నాను.

9 మార్చి. రంజాను

ఇఫ్తారుకు ఖర్జూరం నోట్లో పట్టలేదు మహమూదాకు. గింజ తీసి నాలుగు ముక్కలు చేసి ఇచ్చాను. మింగడానికి నీళ్లు తాగింది, నీళ్లు కూడా నిలిచాయి, గుండె మీద కొట్టుకుంది. ఊపిరి తీస్తుంటే దూది ఏకే విల్లు తీగ లాగా సన్నగా మోత.

"కాగితంలో బాగుందన్నారు గదా అత్తా. మరి ఇదేంది?"

నేను గిన్నెలు సర్దాను.

17 మార్చి, గురువారం

వేలి కొస పగిలింది. రక్తం రాలేదు. నొక్కితే తెల్లగా పొడి వచ్చింది. గుడ్డ మీద రాల్చి వేలితో నలిపి చూశాను.

సున్నం.

నేను చూసింది సున్నమే. ఇంటికి సున్నం కొట్టని సంవత్సరం లేదు, నాకు తెలియదా? చాంద్‌బాషా అక్కడ రెండు పూతలు కొట్టాడు. అది ఇక్కడ ఈ వేళ్లలోంచి బయటికొస్తోంది.

18 మార్చి

గిన్నెలు. నీళ్లు. జొన్నలు విసరాలి. సున్నం కాదేమో.

19 మార్చి

సున్నమే.

2 ఏప్రిల్, శనివారం

పండగ దాటింది. ఆ ముక్కను తవ్వి తీసుకొచ్చి డాక్టరమ్మ చేతిలో పెట్టేస్తానని నిర్ణయించుకున్నాను. గోరీలో లేకపోతే గోరీ పిలవదు. గడ్డపార చిన్నది కొంగు కింద పెట్టుకున్నాను. పెద్దక్కకు మేకలు కాయడంలో తోడని చెప్పాను.

పోయి చూస్తే ఆ గోరీ నేను పెట్టింది కాదు. బిగువుగా, తెల్లగా, నునుపుగా ఉంది. మల్లెపూలు ఉన్నాయి దాని మీద. పక్కనున్న తంగేడు కొమ్మకు ఎవరో ఎర్రగుడ్డతో చిన్న ఉయ్యాల కట్టారు, అందులో రాయి పెట్టి. బిడ్డలు లేని వాళ్లు మొక్కుకుంటున్నారు. చిన్న గోరీ అని పేరు కూడా పడిందట.

గడ్డపార తీశాను. పైపొర మీద గోటితో గీరితే గీత పడలేదు. గిల్లి చూశాను, మట్టినే. లేవలేదు.

వెనక నుంచి పెద్దక్క చేయి పట్టుకుంది.

"ఏం చేస్తాండావు పీరాంబక్కా? పసిబిడ్డ గోరీ తవ్వుతావా? నీకేమన్నా పిచ్చా? మనవరాలు పోయిన బాధలో నీకేందో అయింది. రా ఇంటికి."

"అది బిడ్డ కాదు పెద్దక్కా."

"మరేంది?"

గడ్డపార కొంగు కింద దాచుకున్నాను. చేయి పట్టుకుని లాక్కొచ్చింది. వచ్చేటప్పుడు ఆమె కూడా గోరీ వైపు తిరిగి దణ్ణం పెట్టింది.

20 ఏప్రిల్, బుధవారం. పులివెందుల

డాక్టరమ్మ ఇక్కడికి వచ్చిందని తెలిసి బయలుదేరాం. ఎర్రగుంట్లలో బస్సు మారాం. ఎండ మంటలాగా ఉంటే మహమూదా మాత్రం దుప్పటి కప్పుకుని వణికింది.

చూడగానే డాక్టరమ్మ ముఖం మారింది. గొంతు మీద చేయి పెట్టింది, వీపు మీద గొట్టం పెట్టి విన్నది. చాంద్‌బాషాను పక్కకు పిలిచింది, నేను కూడా పోయాను.

"నేను పంపిన ముక్క ముసలి వాళ్లదిలా ఉందని అద్దం కింద చూసిన ఆయన రాశాడు. ఈమె వయసు ఎంత, ఇరవై ఎనిమిదా? నేనే ఎక్కడో పొరపాటు చేశాను. సీసాలు తారుమారు చేసి ఉంటాను. మీ మూడు నెలలు నేను పోగొట్టాను." ఆమె చెంప మీద నీళ్లు. "ఇంకోసారి కోయనివ్వండి. ఈ రోగాలు నాలుగైదు రకాలు. మందులు వేరు. ఒకదానికి ఇచ్చేది ఇంకోదాన్ని చంపుతుంది. చూడకుండా ఇవ్వలేను."

మహమూదా ఒప్పుకోలేదు.

"ఒగసారి కోసి బాగుందనిరి. ఈసారి కోసి ఏమంటారు, సచ్చినావంటారా? నన్ను పూడ్చేదాకా నా చేయి ఇట్లే ఉండనీ."

చాంద్‌బాషా బతిమిలాడాడు. తిట్టాడు. బయటికి పోయి గోడకు ఆనుకుని ఏడ్చాడు. డాక్టరమ్మ రేపు మధ్యాహ్నం దాకానే ఉంటుందట.

నేను ఏమీ చెప్పలేదు.

21 ఏప్రిల్. పులివెందుల

చెప్పాను.

సత్రం అరుగు మీద మహమూదాకు చేతులు ఆముదంతో రుద్దుతూ చెప్పాను. దారాల సంగతి, దూది, మల్లుగుడ్డ, కలిమా, చాంద్‌బాషా సున్నం, ఉయ్యాల. ముఖం చూడకుండా చెప్పాను. ఆ ముఖంలో ఏమీ కనబడదని తెలిసినా చూడలేదు.

చెప్పడం అయ్యాక కూడా రుద్దుతూనే ఉన్నాను. చంపుతుందేమో అనుకున్నాను. చంపినా సరే అనుకున్నాను. అప్పుడు ఒక సన్నటి మోత. దగ్గు అనుకున్నాను. నవ్వుతోంది. అంత చిన్న నోట్లోంచి నవ్వు ఈల లాగా వస్తోంది.

"అంటే ఆడాళ్లు మొక్కుకుంటాండేది నాకా అత్తా?"

"మహమూదా, నన్ను కొట్టు."

"కొట్టేదానికి చేయి ముడుచుకోదు, ఏం చేసేది?" మళ్లీ ఈల. తర్వాత నవ్వు ఆగింది. "నీకు నన్ను పూడ్చేంత తొందరేముండె?"

"పూడ్చాలని కాదే. పోగొట్టుకోకూడదని."

ఆమె రెండు చేతులూ నా ఒళ్లోంచి తీసి తన ముందు పెట్టుకుని చూసుకుంది. మెరుస్తున్నాయి, ఆముదానికో, రోగానికో.

"ఆ ముక్క ఆడనే ఉండనీ. గోరీకి నాలో అంత చాలు. మిగిలింది నాది. పద, కోయించుకుంటా. ఈసారి సీసా నీ చేత్తోనే బస్సెక్కించు. నేను చూస్తాంటా."

డాక్టరమ్మకు కూడా నేనే చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను. కుర్చీలో కూర్చుని, "అమ్మయ్య, నా తప్పు కాదు" అంది ముందు. తర్వాత, "కోసే ముందు మీ వాళ్ల ఆనవాయితీ ఏమిటని నేను అడగాల్సింది. చూడడం అయ్యాక మిగిలింది పూడ్చడానికి మీకే పంపుతాను" అంది. నిజంగానే కాగితం మీద రాసుకుంది.

ఎర్రదారం సీసాను కడప బస్సు డ్రైవరు పక్కన పెట్టించాను. ముక్క ఈసారి కూడా మునగలేదు. బస్సు మలుపు తిరిగేదాకా నేను కిటికీ చూశాను, మహమూదా నన్ను చూసింది.

30 మే

ఉత్తరం వచ్చింది. బిగువు రోగమే. గొంతులో దిగింది, ఊపిరిలో కొంచెం దిగింది, మూత్రపిండాలకు ఇంకా పోలేదు. మాత్రలు పంపారు. పోయింది తిరిగి వస్తుందని చెప్పలేమనీ, ఉన్నది నిలబెట్టే ప్రయత్నమనీ డాక్టరమ్మ రాసింది. చివరి వాక్యం చాంద్‌బాషా రెండుసార్లు చదివాడు: జనవరిలోనే మొదలుపెట్టి ఉంటే ఊపిరి దాకా వచ్చేది కాదేమో.

నా వైపు ఎవరూ చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

11 జూన్

డాక్టరమ్మ చెప్పినట్టు మహమూదా వేడి మైనంలో చేతులు ముంచి తీసి, దబ్బనం పట్టింది. ఒక కుట్టు వేసింది. వంకర కుట్టు. నేను దాన్ని విప్పనివ్వలేదు.

8 జూలై, శుక్రవారం

మొహర్రం అయిపోయింది. ఇవాళ రహమతుల్లా ఇంటికి వచ్చాడు. ఉయ్యాల కట్టిన వేంపల్లె ఆడమనిషికి నెల తప్పిందట. బంగారు రేకు చేయించి తెచ్చింది. ఆ బిడ్డ పేరేమిటో చెప్తే రేకు మీద చెక్కిస్తుందట.

"మీ ఇంటాయన పక్కనే గదా పీరాంబీ, మీకేమన్నా తెలుసా? ఎవుర్నడిగినా తెలీదంటాండారు."

గది లోపలి నుంచి ఆ సన్నటి గొంతు వచ్చింది.

"చెప్పత్తా. మహమూదా అని చెక్కించుకోమను."

రహమతుల్లా నవ్వాడు, చాలా బాగుంది పేరు అన్నాడు. మా మనవరాలికి పెట్టుకున్న పేరేమో అనుకుని ఉంటాడు. నేను తల ఊపాను.

గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగాడు. నా చోటు పోయిందని నేను బాధపడుతున్నానని అనుకున్నట్టున్నాడు.

"దిగులు పెట్టుకోవాకు పీరాంబీ. కొలిచి చూసినా. చిన్నగోరీ పక్కన ఇంగొగ మనిషికి చోటుండాది."

ఎవరికని నేను అడగలేదు. లోపల మహమూదా కూడా అడగలేదు.